గీత లేని అద్దంలో పనితనం

కళ్ళజోడు తీసి, చెయ్యి చాచి, కిటికీ ఊచల ముందు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. ప్రోగ్రెసివ్ లెన్సు నడిమి భాగంలోంచి ఊచ నిటారుగానే కనిపిస్తుంది. కింది మూలకు జరిపేసరికి అదే ఊచ విల్లులా వంగుతుంది. ఈ అద్దాలు కొత్తగా పెట్టుకున్నవాళ్ళకు నేల ఊగినట్టు అనిపించేది ఈ వంపు వల్లే. మొదట్లో నేను దాన్ని చేతకాని పని అనుకున్నాను. అది ఎక్కడ ఉండాలో ఎంత ఆలోచించి పెడతారో తెలిశాక, ఈ లెన్సులో గొప్ప పనితనమంతా ఆ మూలల్లోనే ఉందని నమ్ముతున్నాను.

నలభై దాటేసరికి కంటిలోని సహజ కటకం బిరుసెక్కుతుంది. దగ్గరి వస్తువును చూడటానికి ఉబ్బవలసినంత ఉబ్బదు. మన భాష ఈ మార్పుకు వయసునే పేరుగా పెట్టింది. చత్వారం అన్నా, చాళీసు అన్నా అందులో ఉన్నది నలభయ్యే. దూరానికి ఒక సగం, దగ్గరికి ఒక సగం కలిపిన అద్దాలను బెంజమిన్ ఫ్రాంక్లిన్ 18వ శతాబ్దంలోనే వాడారు. మా నాన్నగారి బైఫోకల్ ఆ వంశంలోదే. దానితో పేపరు చదవవచ్చు, బస్సు బోర్డూ చదవవచ్చు. కానీ చూపు రెండు సగాల మధ్య గీత దాటగానే బొమ్మ ఎగిరిపడుతుంది. చేతి దూరంలో ఉన్న కంప్యూటరుకు రెండు సగాల్లో ఏదీ సరిపోదు.

గీత లేకుండా పవర్ మార్చే ఈ ప్రోగ్రెసివ్ లెన్సును వాడుకలోకి తెచ్చిన ఘనత ఫ్రెంచి ఇంజనీరు బెర్నార్ మెత్‌నాజ్‌ది. 1959లో అది వారిలక్స్ పేరుతో బజారుకు వచ్చింది. పైనుంచి కిందికి లెన్సు వంపు కొద్దికొద్దిగా మారుతుంది, దానితోపాటే పవరూ పెరుగుతుంది. మెట్టు తీసేసి వాలు కట్టినట్టన్నమాట.

ఈ వాలుకు గణితం సుంకం కట్టించుకుంటుంది. నడిమి దారి వెంట పవర్ ఎంత వేగంగా పెరిగితే, ఆ దారి పక్కలకు అక్కరలేని సిలిండర్ పవర్, అంటే మసక, అంతకు రెట్టింపు వేగంతో పెరుగుతుందని 1963లో గుంటర్ మింక్‌విట్జ్ నిరూపించారు. లెక్క చూడండి. దగ్గరి చూపుకు 2.00 డయాప్టర్ల పవర్ అదనంగా కావలసిన మనిషికి ఆ పెంపును 14 మిల్లీమీటర్లలో సర్దారనుకుందాం. మిల్లీమీటరుకు సుమారు 0.14 డయాప్టర్లు పెరుగుతుంది. పక్కలకు మిల్లీమీటరుకు 0.28 చొప్పున మసక చేరుతుంది. అర డయాప్టరు మసకను హద్దుగా తీసుకుంటే అటు 1.75, ఇటు 1.75, మొత్తం మూడున్నర మిల్లీమీటర్ల దారి మిగులుతుంది. పెసరగింజంత!

ఆ మసకను ఎవరూ చెరపలేరు. కళ్ళు అరుదుగా వెళ్ళే చోటికి తోయగలరు, అంతే. కొందరు తయారీదారులు దాన్ని కింది మూలల్లో పోగుచేసి దూరపు చూపును విశాలంగా ఉంచుతారు. కొందరు పలచగా పరిచి ఊగడం తగ్గిస్తారు. ఒకప్పుడు పవర్ మార్చే వంపును లెన్సు ముందువైపున అచ్చుపోసేవారు. ఇప్పుడు వజ్రపు మొన ఉన్న యంత్రాలు ఎవరి కంటికి తగ్గట్టు వారికి వెనకవైపున బిందువు బిందువుగా చెక్కుతున్నాయి.

ఇంత చేసినా ఆ పెసరగింజంత దారి కనుపాప ఎదుటికి రాకపోతే పనంతా వృథా. నా మొదటి జత అలాగే అయింది. పదిహేను రోజులు పెట్టుకున్నా, చదవాలంటే తల ఎడమకు తిప్పవలసి వచ్చేది. వేరే షాపుకు వెళ్ళాను. అక్కడి పెద్దాయన లెన్సును ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టి, నోటి ఆవిరి ఊది, రెండు చిన్న వలయాలను వెతికి పట్టుకున్నారు. లేజరుతో అతి పలచగా చెక్కిన ఆ వలయాల మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. వాటి మీద మార్కరుతో చుక్కలు పెట్టి, కొలత అట్ట మీద ఉంచి, కనుపాప రావలసిన చోట ప్లస్ గుర్తు గీశారు. జోడు నాకు పెట్టి, తన కళ్ళు నా కళ్ళకు సమానమైన ఎత్తులో ఉండేలా స్టూలు సవరించుకుని ఎదురుగా కూర్చున్నారు.

“నా ఎడమ కన్ను చూడండి సార్.”

కుడి లెన్సులో గుర్తు రెండు మిల్లీమీటర్లు చెవి వైపుకు తప్పింది. అంటే చూపు దారి గట్టు దాటి మసకలో పడుతోంది. కొత్త జతకు ఆయన ముక్కు మధ్య నుంచి ఒక్కో కంటి దూరాన్నీ విడిగా కొలిచారు. ముందు ఫ్రేమును ముక్కు మీదా చెవుల వెనకా కుదిర్చి, ఆ తర్వాతే దాని డమ్మీ లెన్సు మీద చుక్క పెట్టారు. చుక్క పెట్టాక ఫ్రేము వంచితే ఎత్తు మారిపోతుంది మరి. ఆ వరసలోనే ఆయన అనుభవమంతా కనిపించింది.

మిగతా సగం పని పెట్టుకున్నవాళ్ళది. పక్కనున్నది చూడాలంటే కళ్ళు కాక తల తిప్పాలి. చదివేటప్పుడు తల దించకుండా చూపు దించాలి. మెట్లు దిగేటప్పుడు మాత్రం గడ్డం దించి లెన్సు పైభాగంలోంచి మెట్టును చూడాలి. కింది భాగం పుస్తకం దూరానికి చేసింది, మెట్టు అంతకంటే దూరం. పాత జోడు పక్కన పెట్టెయ్యాలి. చాలామందికి రెండు వారాల్లోపే కుదురుతుంది. అప్పటికీ కుదరకపోతే వయసును నిందించుకోకండి. షాపుకు వెళ్ళి ఆ చుక్కలు మళ్ళీ పెట్టించండి.

కొత్త జత చేతికిచ్చే ముందు పెద్దాయన ప్లస్ గుర్తునూ మిగతా గీతలనూ స్పిరిట్ దూదితో తుడిచేశారు. లేజరు వలయాలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి చూపుకు అడ్డురావు. రేపు ఏ ఊళ్ళో ఏ పనివాడైనా ఈ పనిని మళ్ళీ కొలిచి తప్పొప్పులు తేల్చవచ్చునని, చేసినవాళ్ళే వాటిని లెన్సు మీద మిగిల్చారు.