కట్టుబట్టల శాస్త్రము

ద్రాక్షారామ భీమేశ్వరుని మహిమను పురాణముగా చెప్పి, బెండపూడి అన్నయామాత్యునకు అంకితమిచ్చి, సప్తగోదావరీ తీరమందలి ఈ క్షేత్రమునకు తెలుగు సాహిత్యమున చెరగని స్థానమును కల్పించిన శ్రీనాథ మహాకవి, ఒకానొకప్పుడు విజయనగరమునకు పోయి, ప్రౌఢదేవరాయల సభాప్రవేశమునకై పడిగాపులు పడుచు, తన అవస్థను కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకొన్నట్లు ఆయన పేర ఒక చాటువు ప్రచారములో ఉన్నది. ఆ మొరలో తిండి ప్రస్తావనకంటె ముందు వచ్చినది వేషము: తలకు కుళ్ళాయి, నడుమునకు కోక, మేనికి కూర్పాసము. మనవారు ఈ చాటువును తరతరములుగా చమత్కారముగానే చదువుకొనుచు వచ్చిరి. వేటూరి ప్రభాకర శాస్త్రిగారి వంటి పండితులు ఊరూర తిరిగి చాటువులను సేకరించి అచ్చువేయింపకున్నచో ఆ చమత్కారమైనను మనకు ఎంతవరకు దక్కియుండెడిదో చెప్పజాలము.

అయితే ఇందులో చమత్కారమును మించిన విషయమొకటి ఉన్నది. 1996లో ఫిలిప్ వాగనర్ అను అమెరికా చరిత్రకారుడు విజయనగర రాజసభలోని వేషమును గూర్చి ఒక పరిశోధన వ్యాసమును ప్రకటించెను. ఆ రాజులును, వారి అధికారులును, పారసీక, అరబ్బు దేశముల మర్యాద ననుసరించిన కబాయి యను నిలువుటంగీని, పొడవాటి కుళ్ళాయిని సభలలో ధరించిరనియు, దానికి మతముతో ఏ సంబంధమును లేదనియు, సముద్రములు దాటివచ్చు రాయబారులకును వర్తకులకును తామును ఆ విశాల ప్రపంచమునకు చెందినవారమే యని తెలుపుకొనుటకు అది సంకేతమై యుండెననియు ఆయన సిద్ధాంతము. లేపాక్షి చిత్తరువులలో ప్రభువర్గపు పురుషులు ఈ కుళ్ళాయిలతో, నిలువుటంగీలతో కనబడుదురు. అదే గోడమీది స్త్రీలు దేశీయములైన చీరలనే కట్టియున్నారు. పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో వచ్చి చూచినది ఈ ప్రౌఢదేవరాయల సభనే. ఈ వెలుగులో చూచినచో శ్రీనాథుని మొర ఒక చారిత్రక సాక్ష్యమగుచున్నది. గోదావరి మండలమున భీమేశ్వరుని ఎదుట ఒంటి మీద ఉత్తరీయముతో నిలిచిన విద్వాంసుడు, ఆ సభలో నిలువవలెనన్న ఆ సభ వేషమును వేసికొనవలసి వచ్చెను. పాండిత్యము ఆయనదే, వాక్కు ఆయనదే. ద్వారము తెరచుటకు మాత్రము కుళ్ళాయి కావలసెను. ఇక కోక సంగతి. అది ఆయన ఎరుగని వస్త్రము కాదు. దానిని అచ్చట చుట్టు తీరు మాత్రము కొత్తదై యుండవచ్చునని నా ఊహ. ఈ ‘తీరు’ అనునదే ఈ వ్యాసమునకు విషయము.

వేషమును గూర్చిన పరిశోధన మనకు పరాయి విద్య కాదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో, కావ్యములను, చాటువులను జల్లెడపట్టి, ఏ కాలపువారు ఏమి తొడిగిరో, ఏమి కట్టిరో, ఏ నగలు పెట్టుకొనిరో వివరించిరి, ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. పాశ్చాత్యులలో ఈ విద్య వేరొక మార్గమున పెరిగినది. ఫ్రాన్సు దేశపు రొలాఁ బార్త్ 1967లో ప్రచురించిన గ్రంథమున, ఫ్యాషన్ పత్రికలను ముందుంచుకొని, వస్త్రమును మూడు విధములుగా విభజించెను: బొమ్మలోని వస్త్రము, వ్రాతలోని వస్త్రము, ఒంటిమీది వస్త్రము. ఈ మూడింటిలో పత్రిక వ్రాసిన వస్త్రమునే ఆయన పరిశీలనకు తీసికొనెను. ఏలయన, గుడ్డకు ‘ఈ ఏటి సొగసు’ అను విలువను అంటగట్టునది ఆ వ్రాతయే యని ఆయన తలంపు. అటుపిమ్మట 2000లో జొయాన్ ఎంట్విసిల్ అను ఆంగ్ల విదుషి, దేహమును విడిచి వేషమును అర్థము చేసికొనజాలమనియు, వస్త్రధారణము ఆయా సందర్భములలో దేహము చేయు ఒక సాధన యనియు వాదించెను. నా మనస్సు ఈ రెండవ వాదమునకే మొగ్గును. కుట్టు వస్త్రముల దేశమున దర్జీ కత్తెరతోనే వేషము ముప్పాతిక పూర్తియగును; ధరించువానికి మిగిలినది బొత్తములు పెట్టుకొనుటయే. మన దేశమున మగ్గము దిగిన గుడ్డ ఇంకను వేషము కాదు. ప్రతి ఉదయమున రెండు చేతులును దానిని కొత్తగా వేషము చేయవలెను. కనుక మన వేషశాస్త్రము చేతులతో ఆరంభము కావలెను.

కోనసీమ పంచెకట్టును దగ్గరగా చూతము. ఎనిమిది మూరల పంచెను వెనుకనుండి నడుమునకు తెచ్చి, రెండు కొసలును ముందుకు సమముగా వచ్చునట్లు సరిచూచుకొని, బొడ్డు దగ్గర రెండు అంచులను కొంచెము కొంచెము చేతబట్టి బిగువుగా ముడివేయుదురు. ఈ ముడి వదులైనచో ఆ పిమ్మట చేసిన పని యంతయు వ్యర్థమే. అనంతరము ఒక కొసను నిలువుగా సన్నని మడతలు పెట్టి, కాళ్ళ నడుమనుండి వెనుకకు తీసి, నడుము దగ్గర దోపుదురు, ఇది గోచి. రెండవ కొసను బొటనవ్రేలికిని చూపుడు వ్రేలికిని మధ్య ఒకదానిపై ఒకటిగా కుచ్చిళ్ళు పోసి, అరచేతితో ఒకసారి సాఫుచేసి, ముందు దోపుదురు. జరీయంచు ఆ కుచ్చిళ్ళ మొదటి మడతపై నిలువు గీతవలె దిగవలెను. ప్రక్కకు ఒరిగినచో కట్టు కుదరలేదని పెద్దలు విప్పించి మరల కట్టింతురు. ఉతికి గంజి పెట్టిన పంచె అయినచో కుచ్చిళ్ళు నిలుచును. నీరుపంచె అయినచో జారును. కనుక ఉత్సవమునకు పోవువాని కట్టులో చాకలి చేతిపని కూడ కలిసియే యున్నది.

ఇదంతయు ఒక నిమిషములో జరిగిపోవును. అద్దమక్కరలేదు. పిన్నీసక్కరలేదు. తండ్రి కట్టుకొనుచుండగా ప్రక్కన నిలిచి చూచిన పిల్లవాని చేతికి ఆ క్రమము ఎక్కును. మాటలతో దానిని బోధించినవారు అరుదు. అందుచేతనే అది పుస్తకములకు ఎక్కలేదు.

గుడ్డ ఒక్కటియే, కట్టును బట్టి మనిషి సందర్భము మారుచుండును. ఇంటి అరుగుమీద కూర్చున్నవాడు గోచి పోయక అడ్డపంచెగా చుట్టుకొనును. పొలములో దిగినవాడు దానినే మోకాళ్ళ పైకి ఎగగట్టి, గోచిని బిగించి, నడుము వంచుటకును కాలు సాచుటకును అడ్డులేకుండ చేసికొనును. గుడిలో అర్చకుడు తడిపి ఆరవేసిన మడిపంచెతో, కుట్టుబట్ట మేనికి తగులకుండ నిలుచును. పెద్దల సమక్షమున భుజముమీది ఉత్తరీయము నడుమునకు దిగుట వినయము. సభలో అదే ఉత్తరీయము మడతపెట్టి భుజముపై నిలుపుట గౌరవము. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థమునకు ఏకాదశ రుద్రుల ప్రభలను వరిచేల మీదుగా మోసికొనిపోయి, కౌశికలో దిగి, నీటికి ఎదురు నిలిచి దాటించు దృశ్యమును చూచినవారికి, గోచిపోసిన కట్టు ఈ లంకభూములలో అలంకారముకంటె ముందు అవసరమై పుట్టినదని వేరుగ చెప్పనక్కరలేదు.

చీరకట్టు ఇంతకంటె సంపన్నమైన విద్య. గోచీకట్టు వేరు, కుచ్చిళ్ళకట్టు వేరు. పైట కుడిభుజము మీదికి వేసికొను ఇండ్లు వేరు, ఎడమభుజము మీదికి వేసికొను ఇండ్లు వేరు. దూరమునుండి వచ్చుచున్న ముదుసలి ఏ ఇంటి మనిషియో ముఖము కనబడకముందే ఆమె పైట చెప్పెడి కాలమొకటి ఉండెను. ఆ చెప్పుటలో కులభేదము కూడ ఇమిడియున్నదను సంగతిని దాచనక్కరలేదు: ఎవరు రవిక తొడుగవలెను, ఎవరి అంచు ఎంత వెడల్పుండవలెను అనువాటిపై సంఘము ఆంక్షలు పెట్టిన దినములు కలవు. ఆ ఆంక్షలు పోవుట మేలు. వానితోపాటు కట్టు నేర్పు కూడ పోవుట మేలు కాదు. ముకులికా బెనర్జీ, డేనియల్ మిల్లర్ అను పరిశోధకులు 2003లో ప్రచురించిన చీర గ్రంథమున, చెంగుతో స్త్రీ నిత్యము చేయు పనులను శ్రద్ధగా గమనించిరి. చెమట తుడుచుకొనుట, వేడిగిన్నె దించుట, పసిబిడ్డను కప్పుట, సిగ్గును దాచుట, డబ్బు ముడివేయుట: ఇవన్నియు చెంగు పనులే. మన డెల్టాలో నేటి దృశ్యమును కూడ దీనికి చేర్చవలెను. నాట్లలోను కోతలలోను దిగిన స్త్రీలు చీరను పిక్కల పైకి ఎగదోపి, దానిమీద మగవారి పొడుగుచేతుల చొక్కా తొడిగి, తలకు తువ్వాలు చుట్టుకొందురు. ఎండకును, వరియాకు కోతకును ఇంతకంటె తగిన వేషము మరొకటి లేదు. లక్షలమంది ధరించు ఈ వేషమునకు ఏ ఫ్యాషన్ పత్రికయు ఒక పుట కేటాయించినట్లు నేను చూడలేదు.

నేతగాని పని కూడ కట్టులోనే ఫలించును. అమలాపురము చెంతనున్న బండారులంక మగ్గములపై నేసిన చీర అంచు, బల్లమీద పరచినప్పుడు ఒక గీత. కుచ్చిళ్ళలో పడినప్పుడు అదే పాదముల చుట్టు ఒక వలయము. పిఠాపురము దాపుననున్న ఉప్పాడలో జాందానీ నేయువారు ఒక్కొక్క పువ్వును ప్రత్యేకపు పేకపోగుతో చేతితో ఇమిడ్చి, వెనుకవైపునను ముందువైపువలెనే తీరుగ నుండునట్లు చేయుదురు. ఆ శ్రమకు కారణమేమన, కట్టిన చీరలో చెంగు గాలికి తిరుగబడును, లోపలి ముఖము బయటపడును. రెండు వైపులను చూపరుల కంట పడును.

ఇక పత్రికలు చేసిన మేలును కీడును తూచవలెను. వీరేశలింగముగారు 1883లో ‘సతీహితబోధిని’ని స్థాపించినప్పుడు స్త్రీలకు చదువును, ఆరోగ్యమును బోధించుట ఉద్దేశము; 1928లో కేసరిగారు మదరాసునుండి ‘గృహలక్ష్మి’ని ప్రారంభించుసరికి, పత్రికాముఖమున ఆంధ్రస్త్రీ రూపమును నిర్మించుట కూడ జరుగుచుండెను. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు, ఇరువదియెనిమిదేండ్లు నిండని స్వల్పాయువులోనే, తెలుగు స్త్రీని ఆమె కట్టుతో, ఆమె ఒయ్యారముతో చిత్రించి చూపెను. వసిష్ఠ గోదావరికి ఆవలియొడ్డున, నరసాపురమున పుట్టిన బాపుగారి గీత వారపత్రికల ద్వారా ఇంటింటికిని చేరెను. పొడుగు జడ, వాలుచూపు, కుదురైన కుచ్చిళ్ళు, ఎడమ పైట: ఈ రూపము ఎంత మనోహరమైనదనగా, తెలుగు పిల్ల ఎట్లుండవలెనన్న ప్రశ్నకు అదియే జవాబు అయి కూర్చున్నది. ఆయన ప్రతిభకు నమస్కరింతును. కాని పత్రికయు, సినిమాయు కలిసి ఒక్క కట్టును అందలమెక్కించినప్పుడు మిగిలిన కట్టులు ‘మోటు’ అను పేరు తెచ్చుకొని పెట్టెలలోనికి పోయినవి. బార్త్ చెప్పిన బొమ్మలోని వస్త్రము ఒంటిమీది వస్త్రమును ఈ విధముగా జయించినది. పురుషుల విషయమున ఇది వేరొక విధముగా జరిగినది: 2003 నాటి పాదయాత్రలో వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి తెల్లని పంచెకట్టు పత్రికల మొదటి పుటలలో రైతుతనమునకు గుర్తుగా నిలిచినది. నిత్యము పంచె కట్టువారు తగ్గుచున్న కాలముననే ఆ గుర్తు అంత బలముగా పనిచేయుట ఆలోచింపదగిన విషయము.

నేడు పంచెల పండుగ, ఓణీల పండుగ మన జిల్లాలలోను, అమెరికాలోని తెలుగువారి ఇండ్లలోను మునుపటికంటె వైభవముగా జరుగుచున్నవి. దీనిని ఆడంబరమని కొట్టివేయువారితో నేను ఏకీభవింపను. సముద్రములు దాటిన తలిదండ్రులు తమ బిడ్డ ఏ నేలకు చెందినవాడో ఒక్కపూటయైనను అతని ఒంటిమీద చూచుకొనగోరుట సహజము, గౌరవింపదగినది. కాని ఆ ఉత్సవములలో వాడు పంచెలు పెక్కు ముందే కుట్టి, కుచ్చిళ్ళు అతికి, నడుమునకు అంటుకొను పట్టీ తగిలించినవి. ప్యాంటు వలె కాళ్ళు దూర్చి తొడుగుకొనవచ్చును. ఫొటోలో కట్టిన పంచెకును దీనికిని భేదము తెలియదు. పిల్లవాని చేతులకు మాత్రము ఆ విద్య అందలేదు. ఇచ్చటనే నేను కట్టిన వేషమునకును కుట్టిన వేషమునకును నడుమ గీత గీయుదును: కట్టుకొన్నది తనది, తొడిగించుకొన్నది బొమ్మది.

ద్రాక్షారామపు గుడిలో స్తంభములపైన, గోడలపైన వందలాది శాసనములు కలవు. శాసన పరిశోధకులు వానిని ఒక్కొక్కటిగా అచ్చుతీసి, దక్షిణభారత శాసన సంపుటములలో ప్రకటించిరి. అఖండదీపమునకు ఎవరు ఏమి ఇచ్చిరో నేడు ఎవరైనను చదువవచ్చును. కట్టులకును అట్టి పని కొంత జరిగినది: ఫ్రెంచి పరిశోధకురాలు శాంతాల్ బులాంజే 1997లో భారతదేశపు నూటికి పైగా చీరకట్టులను చిత్రములతో వివరించెను, 2017లో ఎనుబదికి పైగా కట్టులను చలనచిత్రములుగా తీసి అందరికిని అందుబాటులో ఉంచినవారు కలరు. అవి దేశమంతటికి సంబంధించినవి. మన గోదావరి లంకలలో ఊరికొక తీరుగ, ఇంటికొక తీరుగ ఉన్న భేదములను ఎత్తి వ్రాయుటకు మనమే పూనుకొనవలెను. రాజమహేంద్రవరమందలి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులను ఈ పనికి నియోగించినచో, వాహనపు ఖర్చు తప్ప వేరు వ్యయము లేదు. గురువులు ప్రతి గ్రామములోను డెబ్బదియేండ్లు దాటి అరుగులమీదనే కూర్చునియున్నారు.

చదువరులకు నా విన్నపమొకటి. మీ ఇంట రాబోవు పెండ్లిలోనో, పంచెల పండుగలోనో, కుట్టిన పంచెను ప్రక్కనబెట్టి, తాతగారిచేతనో మేనమామచేతనో పిల్లవానికి కట్టింపుడు. ఫొటో తీయువానిని ముఖములను విడిచి ఆ చేతులను ఆరంభమునుండి తుదివరకు తీయుమనుడు. అమ్మమ్మ పైట ఏ భుజము మీదిదో, ఆ కట్టును ఇంటిలో ఏమని పిలిచెడివారో, ఎవరివద్ద నేర్చుకొన్నదో అడిగి, ఊరి పేరుతో, తేదీతో వ్రాసి ఉంచుడు.