మ్యాచ్ తేదీ, వీసా తేదీ

ఫుట్‌బాల్ అభిమానిని తన జట్టు వెంట విదేశం పంపడమంటే విమానం టికెట్టు కొనివ్వడమేనని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది చివరి పని, తేలికైన పని కూడా. అసలు కష్టం రెండు క్యాలెండర్లను ఒకచోటికి తేవడంలో ఉంది. ఆట క్యాలెండర్ గెలుపోటముల మీద నడుస్తుంది. సెమీఫైనల్ ముగిస్తే గానీ ఫైనల్‌కు ఎవరు వెళ్తారో తెలియదు, ఒక్కోసారి అది ఏ ఊళ్లోనో కూడా తేలదు. కాన్సులేట్ క్యాలెండర్‌కు గెలుపోటములతో పని లేదు. షెంగెన్ వీసానే తీసుకుంటే, దరఖాస్తుపై నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అనుమానం వస్తే 45 రోజుల దాకా పట్టవచ్చు. ఈ రెండూ కుదరనప్పుడు నష్టం ఇప్పటిదాకా అభిమాని ఖాతాలోనో, అతని ప్రయాణం ఏర్పాటు చేసిన ఏజెంటు ఖాతాలోనో పడుతోంది. నా అభ్యంతరమల్లా ఇక్కడే. మ్యాచ్ ఎక్కడ, ఎప్పుడు అని నిర్ణయించే నిర్వాహకులు, దానికి ఆతిథ్యమిచ్చే దేశం, అభిమాని వీసా గడువుకు కూడా పూచీ పడాలి.

మనకు బాగా దగ్గరి ఉదాహరణ బెంగళూరు ఎఫ్‌సీది. 2016 అక్టోబర్ 19న కంఠీరవ స్టేడియంలో మలేషియా జట్టు జొహోర్ దారుల్ తాజిమ్‌ను 3-1తో ఓడించి, ఆసియా క్లబ్‌ల టోర్నీ ఏఎఫ్‌సీ కప్‌లో ఫైనల్ చేరిన తొలి భారత క్లబ్‌గా నిలిచింది. ఫైనల్ నవంబర్ 5న, దోహాలో. ప్రత్యర్థి ఇరాక్ జట్టు అల్ ఖువా అల్ జావియా. మధ్యలో ఉన్నవి 17 రోజులు. అప్పట్లో భారతీయులు ఖతర్ వెళ్లాలంటే ముందే వీసా ఉండాలి. వీసా అక్కర్లేదని ఖతర్ ప్రకటించింది 2017 ఆగస్టులో. ఇక ఆ 17 రోజులను విప్పి చూడండి. మనకు శని ఆదివారాలు సెలవు, దోహాలో శుక్ర శనివారాలు సెలవు. అంటే వారంలో రెండు వైపులా ఆఫీసులు తెరిచి ఉండేది నాలుగు రోజులే. దీపావళి ఆ మధ్యలోనే, నవంబర్ 1న కన్నడ రాజ్యోత్సవ సెలవు. అన్నీ తీసేస్తే పని జరిగే రోజులు ఎనిమిదికి మించవు. ఆ ఎనిమిది రోజుల్లోనే పాస్‌పోర్టు కాపీ, వీసా, విమానం, బస, ఆఫీసులో సెలవు, అన్నీ కుదరాలి. బెంగళూరు ఆ ఫైనల్‌ను 0-1తో ఓడిపోయింది. స్టాండ్స్‌లోకి వెళ్లే పోటీ అయితే అక్టోబర్ 20 ఉదయమే మొదలైంది, అందులో మనవాళ్లలో చాలామంది బరిలోకే దిగలేకపోయారు.

తేదీలు నెలల ముందే తెలిసినా తలనొప్పి తప్పదు. 2027 ఆసియా కప్ క్వాలిఫయర్లలో భారత జట్టు బయట ఆడిన మ్యాచ్‌లు మూడు: 2025 జూన్ 10న హాంకాంగ్‌లో, అక్టోబర్ 9న సింగపూర్‌లో, నవంబర్ 18న ఢాకాలో. హాంకాంగ్‌కు భారతీయులు ఇంటర్నెట్‌లో ముందస్తు రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు, ఫీజు లేదు, 14 రోజులు ఉండొచ్చు. సింగపూర్‌కు వీసా కావాలి, దాన్ని అక్కడి ప్రభుత్వం గుర్తించిన ఏజెంట్ల ద్వారా పెట్టుకోవాలి. ఢాకాకు బంగ్లాదేశ్ వీసా వేరే. మూడు మ్యాచ్‌లు, మూడు తలుపులు, ఒక్కో తలుపుకు ఒక్కో తాళం. జట్టుకైతే ఫెడరేషన్ ఉంది, ఆతిథ్య దేశపు ఫెడరేషన్ పంపే ఆహ్వానపత్రం ఉంది. అభిమాని చేతిలో ఉండేది మ్యాచ్ టికెట్టు ఒక్కటే, దాన్ని చాలా కాన్సులేట్లు పత్రంగానే లెక్కచెయ్యవు.

ఈ ఆలస్యం అందరికీ ఒకేలా నష్టం చెయ్యదు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేస్తూ పాస్‌పోర్టులో పదేళ్ల అమెరికా వీసా ఉన్నవాడికి ఫైనల్ ఎక్కడో వారం ముందు తెలిసినా ఇబ్బంది లేదు. కోలార్ బంగారు గనులకు (కేజీఎఫ్) దగ్గరున్న బేతమంగళలో మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్నవాడి సంగతి వేరు. కేజీఎఫ్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక ఈ ప్రాంతంలో ఎంతోమంది మారికుప్పం నుంచి తెల్లవారుజామున బయల్దేరే రైళ్లలో బెంగళూరు వెళ్లి, రాత్రికి తిరిగివచ్చే బతుకులోకి మారారు. వాళ్లకు ఒక్కరోజు సెలవంటే ఒక్కరోజు జీతం. అమెరికా వీసాకు వేలిముద్రలకొక రోజు, ఇంటర్వ్యూకొక రోజు, అదీ ఎక్కువగా చెన్నైలోనో హైదరాబాద్‌లోనో. బెంగళూరులో అమెరికా కాన్సులేట్‌ను 2025 జనవరిలో ప్రారంభించారు గానీ వీసా సేవలు అప్పుడే మొదలుపెట్టలేదు.

కాగితాల విషయానికొస్తే, ఇక్కడివాళ్ల పేరు దగ్గరే మొదటి చిక్కు. ఆధార్‌లో పేరు పక్కన తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా ఉంటుంది. పాస్‌పోర్టుకు వచ్చేసరికి ఆ ఇనిషియల్ విప్పి రాయాలి. కొందరు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి ఒక్క పేరుతోనే పాస్‌పోర్టు తెచ్చుకుంటారు. అలాంటి ఒంటి పేరుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లో చెప్పింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే సరే అన్నది ఆ తర్వాత వచ్చిన వివరణ. మ్యాచ్ టికెట్టు మీద ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు ఉంటే గేటు దగ్గర మళ్లీ గొడవ. తర్వాత ఆదాయం. ఇక్కడి రైతు రాబడిలో పాల డబ్బు, పట్టు గూళ్ల డబ్బు, టమాటా మండీవాళ్లిచ్చే చీటీ ఉంటాయి. వ్యవసాయాదాయానికి పన్ను లేదు కాబట్టి చాలామంది రిటర్ను వెయ్యరు. పొలం పహణి కన్నడలో ఉంటుంది. టమాటా ధర పలికిన నెలలో ఖాతాలో ఒక్కసారిగా రెండు లక్షలు పడితే వీసా అధికారికి అది అప్పు తెచ్చి చూపించిన డబ్బులాగే కనిపిస్తుంది. మంచి ఏజెంటు నైపుణ్యమంతా ఇక్కడే తెలుస్తుంది. పహణికి అనువాదం, మండీ చీటీలు తేదీ వారీగా, డెయిరీ జమలు ఆరు నెలలవి, వీటన్నిటినీ కలిపి చెప్పే ఒక పేజీ లేఖ. ఇదంతా కుదర్చడానికి నెల కావాలి. ఆ నెలను ఆట ఇవ్వదు.

ఇది తీరని సమస్య కాదు, ఇప్పటికే రెండు దేశాలు తీర్చి చూపించాయి. 2018 ప్రపంచకప్‌లో రష్యా మ్యాచ్ టికెట్టు కొన్నవాళ్లకు ఫొటోతో, పేరుతో అభిమాని కార్డు ఇచ్చి వీసా లేకుండా రానిచ్చింది. 2022లో ఖతర్ హయ్యా కార్డును ప్రవేశానుమతిగా చేసి, అదే కార్డు మీద మ్యాచ్ రోజుల్లో మెట్రో ప్రయాణం ఉచితంగా ఇచ్చింది. అమెరికా, కెనడా, మెక్సికోల 2026 ప్రపంచకప్‌కు వచ్చేసరికి మనం వెనక్కి నడిచాం. టికెట్టు ఉన్నవాళ్లకు అమెరికా ఇంటర్వ్యూ తేదీ త్వరగా ఇప్పించే ఏర్పాటు చేశారు, అంతవరకు మేలే. వీసాకు మాత్రం హామీ లేదు. టికెట్టు వీసా కాదని అమెరికా ప్రభుత్వం స్పష్టంగానే చెప్పింది. అమెరికా వీసా ఉంటే మెక్సికో రానిస్తుంది, కెనడాకు మళ్లీ వేరే దరఖాస్తు, వేరే వేలిముద్రలు. ఒకే టోర్నీ, ఒకే జట్టు వెనక తిరిగే మనిషికి రెండుసార్లు పరీక్ష.

కార్డు పద్ధతికి గట్టి అభ్యంతరమే ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. రష్యాలో ఆ కార్డుతో వచ్చి ఉండిపోయినవాళ్లు, ఫిన్లాండ్ సరిహద్దు దాటబోయి దొరికినవాళ్లు ఉన్నారు. ఆట పేరు చెప్పి ఆడవాళ్లను తరలించిన ముఠాల కథలూ బయటికొచ్చాయి. నిజమే. అయితే టోర్నీ ముగిశాక ఆ కార్డుల గడువును ఏడాది చివరిదాకా పొడిగించింది రష్యా ప్రభుత్వమే. ఆఖరి మ్యాచ్ తర్వాత వారానికో పది రోజులకో ముగిసే అనుమతి, తిరుగు టికెట్టుతో ముడిపెట్టిన అనుమతి దానికంటే చాలా గట్టిది. ఈ విషయంలో ఏజెంటు బాధ్యత ఇంకా పెద్దది. మ్యాచ్ సాకుతో ఉద్యోగం వెతుక్కోవడానికి వెళ్తున్నాడని తెలిసీ ఫైలు కడితే, ఆ ఒక్క ఫైలు ఆ ఊరి నుంచి తర్వాత వెళ్లే నిజమైన అభిమానులందరి మీదా అనుమానం తెస్తుంది. అలాంటి ఫైలు డబ్బు వదులుకునైనా తిప్పి పంపాలి.

పాలారు మీద చెరువు ఉన్నా నీటికి ఇబ్బంది పడే బేతమంగళ లాంటి ప్రాంతంలో విదేశీ మ్యాచ్‌ల మాటెందుకు అనేవాళ్లుంటారు. నా జవాబు సూటిగానే ఉంది: ఈ ప్రయాణాలు ధనవంతులవే అయితే ఈ కాలమ్ అక్కర్లేదు, వాళ్లకు వీసా ఎప్పుడో ఉంది. ఏడాదంతా కూడబెట్టి ఒక్కసారి తన జట్టు వెనక వెళ్దామనుకునే మనిషినే ఈ పద్ధతి వడపోస్తోంది.

ఇక గల్ఫ్‌లో మనవాళ్లే లక్షల్లో ఉన్నారు, స్టాండ్స్ ఎలాగూ నిండుతాయి కదా అంటారు. 2024 జనవరి 13న ఆస్ట్రేలియాతో ఆసియా కప్ మ్యాచ్‌కు ఖతర్‌లో భారత జట్టు కోసం స్టేడియంలో కూర్చున్నది ఎక్కువగా వాళ్లే. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ పేరు అరిచిన గొంతుల్లో కేరళవాళ్లతో పాటు తెలుగువాళ్లవీ ఉండే ఉంటాయి. వాళ్ల చేతిలో అకామా, అంటే అక్కడి నివాస అనుమతి, ఉంది, డ్యూటీ మార్చుకుని బస్సెక్కితే స్టేడియం వచ్చేస్తుంది. కానీ కూలి దొరికే దేశంలోనే జట్టు ఆడాలని ఏముంది? 2017 సెప్టెంబర్ 13న బెంగళూరు ఎఫ్‌సీ ఏఎఫ్‌సీ కప్‌లో ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో ఆడి 0-0తో బయటపడి వచ్చింది. ఆటగాళ్లే బీజింగ్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అలాంటి చోట అకామా ఉన్న అన్నదమ్ములెవరూ దొరకరు. అందుకే ఎవరితో ఎవరు ఆడాలో డ్రా తీసిన రోజే ఆసియా ఫుట్‌బాల్ కాన్ఫెడరేషన్ (ఏఎఫ్‌సీ) ప్రతి ఆతిథ్య సంఘం చేత రాతపూర్వకంగా ఒప్పించాలి: వచ్చే జట్టు అభిమానులకు ఇన్ని సీట్లు, టికెట్టు మీద పాస్‌పోర్టులోని పేరే, ఆ టికెట్టు నంబరుతో కాన్సులేట్‌కు నేరుగా వెళ్లే జాబితా, మ్యాచ్‌కు కనీసం నెల ముందు. వేదిక మారితే ఆ నెల మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి.