అంబు చెక్కిన చేతికే గురి

కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో శివలింగపురం దాటాక వచ్చే చిన్న స్టేషన్ టైడా. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో జపాన్ సహకారంతో వేసిన లైను అది. రోడ్డు మీద వస్తే విశాఖపట్నం నుంచి సుమారు 75 కిలోమీటర్లు. అనంతగిరి మండలం, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ ఇక్కడ ‘జంగిల్ బెల్స్’ పేరుతో అడవి మధ్య చెక్క కాటేజీల విడిది కట్టింది. పిట్టలను చూడటం, కొండలెక్కడం, గురి చూసి కొట్టడం అక్కడికి వచ్చేవారి కాలక్షేపాలు.

నగరం నుంచి వచ్చినవారికి గురి కొట్టడం ఒక పూట సరదా. చుట్టుపక్కల కొండల్లోని కొండదొరలు, బగతలు, గదబలు, పోర్జలు, కోందులకు అది తరాల నాటి విద్య. ఆ విద్యలో బయటివాళ్ల కంటికి ఆనేది అంబు వదిలే క్షణం ఒక్కటే. కానీ గురి అక్కడ మొదలవదు. వెదురు నరికిన రోజున మొదలవుతుంది. విల్లు వంచినవాడు, అంబు చెక్కినవాడు, దాన్ని వదిలేవాడు ఒక్కడే కావడం ఈ కొండల విలువిద్యకున్న అసలు బలం.

వెదురు నుంచి విల్లు

తూర్పు కనుమల్లో ప్రధానంగా కనిపించే వెదుళ్లు రెండు. లోపల డొల్లగా, లావుగా పెరిగే ముళ్ల వెదురు ఒకటి. దాదాపు గట్టిగా, సన్నగా ఎదిగే సాధన వెదురు రెండోది. విల్లుకు కావలసింది వంగి తిరిగి నిలబడే గుణం కాబట్టి, గట్టి గెడకే మొగ్గు. లేత గెడ వంగినచోటే ఉండిపోతుంది, మరీ ముదిరింది పెళుసుబారి విరుగుతుంది. మూడు నాలుగేళ్ల వయసున్న గెడ అన్ని విధాలా అనువు. వానలు వెళ్లాక, చలికాలంలో నరికితే పుచ్చు తక్కువ పడుతుంది. ఆ రోజుల్లో గెడలో పిండిపదార్థం తగ్గి ఉండటమే అందుకు కారణం. పురుగు వచ్చేది ఆ పిండి కోసమే.

గెడను నిలువునా చీల్చి, మధ్యలో పిడికిలి పట్టేచోట మందం ఉంచి, రెండు కొసల వైపు క్రమంగా పలచన చేస్తారు. వెదురు పైపొర వైపే నారలు దట్టంగా ఉంటాయి. లాగినప్పుడు సాగే ఒత్తిడిని తట్టుకునేది ఆ వైపే. అందుకని పైపొరను లక్ష్యం వైపు, లోపలి భాగాన్ని విలుకాడి వైపు ఉంచుతారు. తారుమారు చేస్తే నాలుగు లాగుళ్లకే చీలిపోతుంది. చెక్కేటప్పుడు రెండు రెక్కలూ సమానంగా వంగుతున్నాయా లేదా అని మాటిమాటికీ చూసుకోవాలి. ఒక రెక్క బిగువుగా, రెండోది మెత్తగా ఉంటే అంబు ప్రతిసారీ ఒకే పక్కకు తప్పుకుంటుంది.

మధ్య భారతపు కొండజాతుల విల్లుల్లో ఒక విశేషం ఉంది. నారి కూడా వెదురుదే. పైపొర నుంచి తీసిన సన్నటి పేడును నున్నగా గీకి, కొసలను నారతో కట్టి విల్లుకు తగిలిస్తారు. నూలు తాడు తేమకు సాగుతుంది, వాననీటికి బరువెక్కుతుంది. వెదురు పేడు అంతగా సాగదు. ఏటా నెలల తరబడి తడిసే కొండల్లో ఇది చిన్న లాభం కాదు. కట్లకు అడవిలో దొరికే అడ్డ తీగ నార సరిపోతుంది. అంటే విల్లు మొత్తానికి కొనుక్కోవలసిన వస్తువు ఒక్కటీ లేదు.

ఒక్క తీరున ఉండే అంబులు

విల్లు ఒకటి చాలు, అంబులు మాత్రం ఎన్నో కావాలి. అవన్నీ ఒక్కలా ఉండాలి. అసలు కష్టం ఇక్కడే.

సన్నటి గెడలను ఏరి, ఆరబెట్టి, వంకర ఉన్నచోట నిప్పు సెగ చూపించి చేత్తో సరిచేస్తారు. కంటి ముందు నిలువుగా పట్టుకుని, తిప్పుతూ, ఎక్కడ సొట్ట ఉందో చూస్తారు. తోకకు రాలిన ఈకలు కడతారు. ఈక గాలిని పట్టి తోకను వెనక్కి నిలిపితేనే మొన ముందుండి సాగుతుంది. ముందు బరువు, వెనక తేలిక అన్నది అంబుకు ప్రాణసూత్రం. ఇనుప మొన కమ్మరి కొలిమిలో తయారవుతుంది. దాని తోకను గెడలోకి దింపి, నార చుట్టి, లక్కతో బిగిస్తారు. పిట్టల కోసం వేరే రకం ఉండేది. మొన బదులు మొద్దు చెక్క ముక్క ఉంటుంది. అది దిగదు, దెబ్బ కొట్టి కింద పడేస్తుంది. చెట్టు కొమ్మకు గుచ్చుకుని అంబు పోవడం కూడా ఉండదు.

అంబు వదలగానే అది విల్లు పక్కనుంచి తిన్నగా దూసుకుపోతుందని అనుకుంటాం. నిజానికి నారి తోసిన బలానికి గెడ పాములా వంగుతుంది, విల్లు చుట్టూ ఒంపు తిరిగి, ఆ తర్వాత నిటారై ముందుకు పోతుంది. గెడ మరీ బిరుసుగా ఉంటే ఒక పక్కకు, మరీ మెత్తగా ఉంటే ఇంకో పక్కకు పోతుంది. విల్లు బలానికి గెడ బిరుసు కుదరాలి. నేటి ఒలింపిక్ విలుకాళ్లు కార్బన్ అంబుల బిరుసును పరికరాలతో కొలిచి ఎంచుకుంటారు. కొండ విలుకాడు అదే పనిని వేళ్ల మధ్య వంచి చూసి తేలుస్తాడు. పరికరం వేరు, పరీక్ష ఒకటే.

మైదానపు తెలుగు పల్లెలకూ ఇలాంటి సరంజామా ఉంది. రెండు నారుల మధ్య చిన్న గుడ్డ సంచి కట్టి మట్టి ఉండలు విసిరే ఉండేలు, మంచె మీద నిలబడి చేల మీది పిట్టలను తోలే వడిసెల ఆ కోవలోవే. ఉండేలుకు జిగట మన్ను ఉండలు చేసి ఎండబెడతారు. ఉండలన్నీ ఒకే పరిమాణంలో లేకపోతే చేయి ఎంత కుదురుగా ఉన్నా గురి తప్పుతుంది. వదిలే క్షణంలో విల్లు పట్టిన మణికట్టును కొంచెం తిప్పకపోతే ఆ ఉండ సొంత బొటనవేలికే తగులుతుంది.

అన్నీ ఒక్కలా ఉండాలన్న ఈ సూత్రమే తుపాకీ లోకంలోనూ. అమెరికాలో గురి క్రీడాకారులు చాలామంది పేలిన తూటాల ఇత్తడి తొడుగులను ఏరుకుని, శుభ్రం చేసి, ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. ఖర్చు తగ్గడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ప్రతి తూటా ముందరి తూటాలాగే ఉండటం. మందును గ్రెయిన్లలో తూస్తారు, ఒక గ్రెయిన్ గ్రాములో పదిహేనో వంతు మాత్రమే. మన దేశంలో తుపాకీ, తూటా, మందుగుండు అన్నీ 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సుతో ముడిపడినవి కాబట్టి అది ఇక్కడ ఇంటి వ్యాపకం కాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఆ చుక్క కోసం పోటీదారులు తమ రైఫిల్‌కు ఏ గుళ్ల లాట్ కుదురుతుందో ముందే పరీక్షించుకుంటారు. కొండ మీద పది అంబులు పక్కపక్కన పేర్చి ఏరడానికీ దీనికీ ఉద్దేశంలో తేడా లేదు.

కొండవాలు లెక్క

మైదానంలో నేర్చిన విలుకాడు కొండెక్కితే మొదటి అంబు లక్ష్యం మీదుగా పోతుంది. భూమి ఆకర్షణ అంబును కిందికి లాగేది అడ్డంగా ఉన్న దూరాన్ని బట్టే. 30 డిగ్రీల వాలులో లక్ష్యం 30 మీటర్ల అవతల ఉంటే, అడ్డంగా ఉన్న దూరం 26 మీటర్లే. గురి 26 మీటర్లకే పెట్టాలి. పైకి కొట్టినా కిందికి కొట్టినా ఇదే నియమం. గాలి కూడా వేళను బట్టి మారుతుంది. పొద్దెక్కి వాలు వేడెక్కాక గాలి లోయ నుంచి పైకి వీస్తుంది, రాత్రి చల్లబడ్డాక పై నుంచి కిందికి దిగుతుంది. ఈ రెండు లెక్కలూ పుస్తకంలో చూడకుండా వంటబట్టించుకున్నవాడే కొండ విలుకాడు.

తూటా అయిపోయినప్పుడు

సొంతంగా తయారు చేసుకోగలగడం ఎంత విలువైనదో ఈ మన్యం చరిత్రే చెబుతుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేజిక్కించుకుంది. వినడానికి పెద్ద సంఖ్యే. పంచితే ఒక్కో తుపాకీకి వంద తూటాలైనా రావు. ఖర్చయిన తూటాను మన్యంలో ఎవరూ తిరిగి తయారు చేయలేరు. అంబు అలా కాదు. వెదురు, నార, కమ్మరి ఉన్న ప్రతి ఊరూ దానికి కార్ఖానాయే. సర్కారు సైన్యంతో దాదాపు రెండేళ్లు, 1924 మే 7న రాజు ప్రాణాలు కోల్పోయే దాకా సాగిన ఆ పోరులో గిరిజనుల చేతి విల్లు కేవలం అలంకారం కాదు.

వేట పోయాక విద్యకు చోటెక్కడ?

చైత్రంలో మన్యం అంతటా ఇటుకల పండుగ జరుగుతుంది. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు వెళ్లడం, ఆడవాళ్లు దారికి అడ్డంగా గెడలు పెట్టి వచ్చేపోయేవారి దగ్గర పండగ మామూలు వసూలు చేయడం, థింసా నృత్యం ఆడటం ఆచారం. ఉత్త చేతులతో తిరిగొచ్చినవారి మీద పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. గురి లేనివాడికి ఊరి నడుమ జరిగే పరీక్ష అది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అడవుల్లో జంతువులు తగ్గిపోయిన ఈ కాలంలో ఆ చట్టం అవసరమైనదే, దాన్ని గౌరవించాల్సిందే. అయితే వేటతోపాటు విలువిద్య కూడా పోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. వేట అవసరం తీరిన చోట బోర్డు మీది గురిగా విద్య నిలబడవచ్చు. అలా నిలబడ్డ ఉదాహరణ కళ్ల ముందే ఉంది. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లా కొండల్లో వెదురు విల్లుతో పిట్టలు కొట్టిన లింబారాంను 1987లో భారత క్రీడా ప్రాధికార సంస్థ గిరిజన ప్రతిభ కోసం జరిపిన ఎంపికల్లో గుర్తించింది. ఆ కుర్రాడు 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున పోటీపడ్డాడు. 1992లో బీజింగ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో 30 మీటర్ల విభాగంలో 358 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేశాడు. 2012లో పద్మశ్రీ వచ్చింది. అంత సహజ ప్రతిభకు వేదిక దొరకడానికి కావలసి వచ్చింది ఒక ఎంపిక శిబిరం మాత్రమే.

కంప్యూటరు చదివిన గురికాళ్లు

గురి విద్యకూ సాఫ్ట్‌వేర్ కొలువుకూ పొంతన లేదనుకునే తల్లిదండ్రులు చాలామంది. ఆటల్లో పడితే చదువు పోతుందని వారి భయం. తెలుగువారిలోనే దానికి జవాబులున్నాయి. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కేఎల్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ చదివింది. 2017లో అర్జున పురస్కారం అందుకుంది. 2023లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) మహిళల జట్టు స్వర్ణంలో ఆమె భాగస్వామి. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత, జట్టు, మిశ్రమ విభాగాల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన హైదరాబాదీ గగన్ నారంగ్ ఉస్మానియా నుంచి కంప్యూటర్ అప్లికేషన్స్‌లో డిగ్రీ తీసుకున్నవాడు.

ఈ రెండు రంగాలూ ఒకే అలవాటును పెంచుతాయి. అంబు పక్కకు పోతే విలుకాడు ఒకేసారి అన్నీ మార్చడు. ముందు గెడ మార్చి చూస్తాడు, తర్వాత ఈక, ఆ తర్వాత పిడికిలి. మార్పు ఒక్కటైతేనే ఫలితానికి కారణం తెలుస్తుంది. ప్రోగ్రాంలో తప్పు వెతికే ఇంజినీరుకు మొదట నేర్పేదీ ఈ క్రమమే. తన సరంజామాను తానే చేసుకున్నవాడు ఇందులో రెండాకులు ఎక్కువ చదివినట్టే. తప్పు ఎక్కడ పుట్టి ఉంటుందో వాడికి మూలం నుంచీ తెలుసు. కొండపల్లెల పిల్లలు ఐటీ కొలువుకు పోయినా, ఆట మైదానానికి పోయినా ఈ బుద్ధి వారికి పెట్టుబడి అవుతుంది.

జాతీయ స్థాయిలో వెదురు విల్లుకు ‘ఇండియన్ రౌండ్’ అనే ప్రత్యేక విభాగం ఉంది. అందులో పాల్గొనడానికి లక్షలు పోసి విదేశీ విల్లు కొనక్కర్లేదు. కాంపౌండ్ విలువిద్య 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి అడుగుపెడుతోంది కాబట్టి పైమెట్టు కూడా కళ్ల ముందే ఉంది. కింది మెట్టు వేయాల్సింది ఇక్కడివాళ్లే. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని ఆశ్రమ పాఠశాలల్లో, ఏకలవ్య పాఠశాలల్లో ఒక గురి బోర్డు, ఒక మట్టి గట్టు ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు కాదు. దానితోపాటు ఊళ్లో మిగిలిన పెద్ద విలుకాళ్లను జీతమిచ్చి గురువులుగా పిలవాలి. పిల్లలకు అంబు వదలడం ఒక్కటే నేర్పి ఊరుకోకుండా, గెడ ఏరడం, సెగ చూపడం, ఈక కట్టడం కూడా వారి చేతే నేర్పించాలి. ఆ పెద్దలు ఉండగానే ఈ పని మొదలుపెట్టాలి.