పెళ్ళి తరువాతి ఒడంబడిక

పెళ్ళికి ముందు జరిగే బేరాల గురించి మన సాహిత్యంలో కావలసినంత ఉంది. కన్యాశుల్కం, వరశుల్కం, లాంఛనాలు, అలకపాన్పు - వీటిమీద నాటకాలూ కథలూ గుట్టలుగా వచ్చాయి. కాపురం మొదలయ్యాక ఆలుమగలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఇల్లెవరిది, పొలమెవరిది, వేరుండవలసి వస్తే తిండికేమిటి అని మాట్లాడుకుని రాసుకున్న కథ ఏదీ అంటే మాత్రం చప్పున జ్ఞాపకం రాదు. ఈ లోటు ఊరికే ఏర్పడింది కాదని నా అభిప్రాయం. ఆ మాట ఎత్తడమే సంసారానికి అశుభమని మనవాళ్ళ నమ్మకం. రచయితలూ మనలోని వారే గదా!

వెదికితే మొదట దొరికేది కైకేయి. దేవాసుర యుద్ధంలో గాయపడ్డ దశరథుణ్ణి ఆమె రణరంగం నుంచి తప్పించడం, అతడు రెండు వరాలివ్వడం, కావలసినప్పుడు అడుగుతాననడం అందరికీ తెలిసినదే. (బండి ఇరుసులో వేలు పెట్టిన ముచ్చట వాల్మీకిలో లేదు.) అంతగా తెలియనిది, అయోధ్యాకాండ 107వ సర్గలో రాముడు భరతుడితో అనే మాట. మీ అమ్మను పెళ్ళాడేటప్పుడు మన తండ్రి మీ తాతగారికి రాజ్యాన్నే శుల్కంగా ఒప్పుకున్నాడంటాడు. అంటే ఒప్పందాలు రెండన్నమాట. ఒకటి పెళ్ళికి ముందుది, ఒకటి తరువాతది.

చిత్రమేమిటంటే, కోపగృహంలో కైకేయి మొదటిదాని ఊసెత్తదు. ఉపాయం చెప్పిన మంథరా ఎత్తదు. మొదటిది అడిగితే భరతుడికి రాజ్యం సూటిగా వచ్చేదే! దీనికి నాకు తోచిన సమాధానం ఒక్కటే. ఆ మాట మామా అల్లుళ్ళు ఇచ్చిపుచ్చుకున్నది. అందులో కైకేయి కేవలం కారణం. రెండోది ఆమె తన కష్టంతో సంపాదించుకున్నది, మొగుడి నోటినుంచి తానే విన్నది. అందుకే దానినే పట్టుకుంది. కాని ఆ ఒడంబడిక ఎంత లోపభూయిష్టం! విషయం లేదు, గడువు లేదు, సాక్షి లేడు. మంథరకు కూడా ఆ సంగతి కైకేయి చెబితేనే తెలిసింది. ఈ లోపం కైకేయికి తెలుసు. అందుకే దశరథుడు మళ్ళీ ఒట్టు పెట్టుకోగానే, వరం అడగడానికి ముందు, సూర్యచంద్రులనూ దేవతలనూ సాక్షులుగా పిలుస్తుంది. ఆ ఘట్టాన్ని మనం దుష్టస్త్రీ కథగా చదవడానికి అలవాటు పడ్డాం. సాక్షి లేని మాటను ఇన్నేళ్ళకు నిలబెట్టుకోవడానికి ఒక భార్య పడే తంటాగా కూడా చదవవచ్చు.

దశరథుడి కాలంలో సత్యం ఉంది, రిజిస్ట్రారు లేడు. మనకు రిజిస్ట్రారు ఉన్నాడు. 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం, ప్రతిఫలం లేని మాట కూడా దగ్గరివారి మధ్య సహజమైన ప్రేమాభిమానాలతో, రాతపూర్వకంగా, రిజిస్టరయి ఉంటే చెల్లుతుంది. వినడానికి బాగుంది. 1900లో కలకత్తా హైకోర్టు ముందుకు రాజ్‌లక్కీ దేవి వ్యాజ్యం వచ్చింది. తమ మధ్య కలహాలున్నాయని చెప్పుకుంటూనే, వేరుగా ఉండే భార్యకు మనోవర్తి ఇస్తానని భర్త పత్రం రిజిస్టరు చేయించాడు. కోర్టు ఏమన్నది? ఈ పత్రంలో కలహాలే కనిపిస్తున్నాయి, ప్రేమ కనిపించడం లేదు, కనుక చెల్లదు. ప్రేమ ఉన్న ఇంట్లో పత్రం పుట్టదు; పత్రం పుట్టిన ఇంట్లో ప్రేమ లేదంటారు. ఏ నవలాకారుడూ కల్పించలేని సంకటమిది. ఆ తరువాత 1956 చట్టం వచ్చింది. ఒప్పందంలో రాసుకున్న మనోవర్తి మొత్తాన్ని కూడా పరిస్థితులు మారితే మార్చవచ్చునన్నది. అది మేలే. అయితే రాసుకున్నది అలాగే నిలుస్తుందన్న భరోసా ఇద్దరిలో ఎవరికీ ఉండదు.

ఇక 'వరవిక్రయం'. కాళ్ళకూరి నారాయణరావుగారు 1921లో రాసిన ఈ నాటకంలో అక్క కాళింది చనిపోయాక, చెల్లెలు కమల లింగరాజు కొడుకునే పెళ్ళాడి, మేము డబ్బిచ్చి కొన్నాం కనుక అతడే మా ఇంటికి రావాలంటుంది. వ్యవహారం కోర్టుదాకా పోతుంది. ప్రేక్షకులు ఇక్కడ చప్పట్లు కొట్టడం న్యాయమే. అయితే ఇది దంపతుల ఒప్పందమా? ఇద్దరు తండ్రుల మధ్య జరిగిన అమ్మకాన్ని కమల తిరగేసి చూపిస్తుంది, అంతే. బసవరాజు సరుకు, సరుకుకు నోరెక్కడిది? లింగరాజు పరాభవంతో నాటకం ప్రయోజనం తీరిపోతుంది. మర్నాటినుంచి ఆ ఇద్దరూ ఏ షరతులమీద కాపురం చేస్తారన్నది రచయితకు అక్కరలేకపోయింది. పైగా, భార్యను పుట్టింటినుంచి తీసుకుపోననే ఒప్పందం హిందూ ధర్మానికీ ప్రజానీతికీ విరుద్ధమని 1901లోనే కలకత్తా హైకోర్టు తీర్పు. మన వైపు ఇల్లటం మాత్రం ఆచారంగా కోర్టుల్లో నిలిచింది.

కాకినాడ పక్కనే ఉన్న యానాంలో ఇంకో ధర్మం నడిచింది. 1881 డిక్రీ కింద స్వధర్మశాస్త్రాన్ని వదులుకున్నవారికి ఫ్రెంచి సివిల్ కోడే శాసనం. దాని ప్రకారం ఆస్తి ఏర్పాట్లు పెళ్ళికి ముందే రాసుకోవాలి. పెళ్ళయ్యాక మార్చడానికి వీల్లేదు. కాపురంలో ఒకరు రెండోవారిని ఒత్తిడి చేసి రాయించుకుంటారన్న భయం దానికి చెప్పే కారణాల్లో ఒకటి. ఫ్రాన్సు 1965లో ఈ కట్టు సడలించింది. అప్పటికి మూడేళ్ళ ముందే, 1962లో, యానాం చట్టరీత్యా భారతదేశానిదైపోయింది.

మనబోటి వారికి ఇంకో చిక్కుంది. 1908 రిజిస్ట్రేషను చట్టం 19వ సెక్షను ప్రకారం, ఆ జిల్లాలో వాడుకలో లేనిదీ, అధికారికి అర్థం కానిదీ అయిన భాషలో పత్రం ఉంటే, సరియైన తర్జుమా జతచేయాలి. కర్ణాటకలో స్థిరపడ్డ మా బంధువులింట అటువంటి పత్రం చిత్తుప్రతి చూశాను. తెలుగులో ఉంది. పాడిగేదెను అమ్మినా కొన్నా తనతో చెప్పాలని ఆమె షరతు. కుట్టుమిషనుమీద వచ్చే డబ్బు లెక్క అడగకూడదని మరొకటి. ఆయన అలిగి అన్నగారింటికి పోతే మూడోనాటికల్లా తిరిగి రావాలని ఇంకొకటి. ఆయన షరతు ఒక్కటే: పుట్టింటివారి ఎదుట తన అప్పుల సంగతి ఎత్తకూడదు. మన కథల్లో నేను వెదికిన సంభాషణ ఆ నాలుగు వాక్యాల్లో ఉంది. తర్జుమా ఖర్చెందుకని పత్రాల లేఖరి ఏకంగా కన్నడంలోనే రాశాడు. అందులో గేదె 'చరాస్తి' అయింది. కుట్టుమిషను 'స్వార్జితం' అయింది. అలకా, అప్పులూ ఎగిరిపోయాయి. ఆమెకు కన్నడం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పెట్టెలో మాత్రం తెలుగు చిత్తునే దాచుకుంది.