కెమెరా లేని వాన

గొప్ప సినిమాను రంగస్థలానికి తెచ్చేటప్పుడు కథనూ పాటలనూ తరలించవచ్చు గాని, ఆ కథను కెమెరా చెప్పిన తీరును తరలించడం సాధ్యం కాదని ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ నిరూపిస్తుంది. జీన్ కెల్లీ, స్టాన్లీ డోనెన్ దర్శకత్వంలో 1952లో వచ్చిన ఈ చిత్రం, మూకీల నుంచి టాకీలకు మారుతున్న 1927 నాటి హాలీవుడ్ అవస్థలను చిత్రించింది. అంటే ఇక్కడ సినిమాయే కథావస్తువు. దీనిని మ్యూజికల్‌గా, అనగా మాట, పాట, నృత్యం కలిసి కథ నడిపే సంగీత నాటకంగా, 1983లో లండన్‌లోనూ, 1985లో ట్వైలా థార్ప్ దర్శకత్వంలో బ్రాడ్‌వేలోనూ ప్రదర్శించారు. బ్రాడ్‌వేలో అది 367 ప్రదర్శనలతో ఆగిపోయింది. ఆ బ్రాడ్‌వే నాటక రచన చేసినవారు సినిమా రచయితలైన బెట్టీ కామ్డెన్, అడాల్ఫ్ గ్రీన్‌లే కనుక, మూలం తెలియకపోవడం అందులోని లోపం కాదు. మూలాన్ని వదలలేకపోవడమే లోపం.

సినిమాలోని వాన పాటలో కెమెరా ముందుగా, కథానాయకుడిగానూ నటించిన కెల్లీ తడిసిన ముఖానికి చేరువై, అతను గొడుగు చాచి నడివీధిలో గిరగిర తిరిగే వేళకు క్రేన్ మీద, అంటే కెమెరాను గాలిలోకి ఎత్తే యంత్రపు చేతి మీద, పైకి లేచి, ఒక్క మనిషి సంతోషం వీధంతా నిండినట్టు చూపుతుంది. రంగస్థలంపై నిజమైన నీరే కురిసినా, ప్రేక్షకుడు కూర్చున్న చోటూ దూరమూ మారవు కాబట్టి, అతని మనసు పాత్ర ఆనందాన్ని విడిచి నీళ్లు కురిపించిన నేర్పు మీదికి మళ్లుతుంది. కథలోని, పెదవులకు మాట అతకని టాకీ సన్నివేశం కోసమైతే నాటకం సినిమా ముక్కను తెరపై వేసి చూపవలసి వస్తుంది.

ఒక్క ఘట్టం మాత్రం రంగస్థలంపైనే మరింత రాణించగలదు. కథలోని తార లీనా పాడుతున్నట్టు పెదవులు కదుపుతుండగా వెనుక తెర లేచి, అసలు గాయని కేథీ బయటపడే ఆ దృశ్యం సినిమాలోనూ వేదిక మీదే జరుగుతుంది కనుక, నాటకశాలలోని ప్రేక్షకులే ఆ కథలోని ప్రేక్షకులైపోతారు. అనుసరణ వెతకవలసినది ఇటువంటి చోట్లనే.

శీర్షిక గీతమైన ఆ వాన పాట 1929 నాటికే ఒక చిత్రంలో వినిపించిన పాత పాట. కెల్లీ, డోనెన్‌లు ఆ పాత చిత్రీకరణను అనుకరించక, పాటకు కొత్త వీధినీ కొత్త అడుగులనూ ఇచ్చారు. 1952 నాటి చిత్రానికి విధేయంగా ఉండదలచిన నాటకం వారి నుంచి గ్రహించవలసింది వారు కురిపించిన వానను కాదు, వారు తీసుకున్న ఆ స్వేచ్ఛను.