పికప్ తొట్టికి రెండు పూతలు: సోలాపూర్ సరుకుతో బేరీజు

సోలాపూర్ తూర్పు భాగంలో, అశోక్ చౌక్ నుంచి అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి. దాకా తిరిగే పికప్పుల్లో ఇసుక, కంకర తక్కువ. నూలు బస్తాలు, పడుగు చుట్టిన బీములు, చద్దర్ల బేళ్లు, టవళ్ల మూటలు ఎక్కువ. 1877లో ఇక్కడ మొదలైన మిల్లు, దాని వెనక వచ్చిన మిల్లులు తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలను రప్పించాయి. మిల్లులు మూతపడ్డా మరమగ్గాల కార్ఖానాలు ఈ తూర్పు పేటల్లోనే ఉన్నాయి. చిన్న సరుకు బండి టాటా ఏస్ బజారుకొచ్చింది 2005లో. సోలాపూర్ చద్దరుకూ టెర్రీ టవలుకూ భౌగోళిక గుర్తింపు దక్కింది 2005-06లో. అంత పేరున్న సరుకు రోజూ ఎక్కేది ఇలాంటి చిన్న బళ్ల రేకు తొట్టిలోకే. ఆ రేకుకు తుప్పు పట్టకుండా ఏ పూత వేయాలన్నది మగ్గం నడిపేవాడికి చిన్న విషయమేమీ కాదు.

పోల్చదగ్గ దారులు రెండున్నాయి. మొదటిది షాపులో వేసే పాలీయూరియా. రెండు రసాయనాలను 65-70 డిగ్రీల దాకా వేడిచేసి, రెండు వేల పీఎస్‌ఐ ఒత్తిడితో గన్ మూతి దగ్గరే కలిపి కొడతారు. రేకు మీద పడ్డ కొన్ని సెకన్లకే బిగుస్తుంది, మందం మూడు మిల్లీమీటర్ల దాకా వస్తుంది. అమెరికాలో రైనో లైనింగ్స్, లైన్-ఎక్స్ ఈ పనికే పేరుపడ్డాయి. రెండోది మన చేత్తో మనం వేసుకునేది. రాప్టర్ లాంటి కిట్టులో ముప్పావు లీటరు పాలీయురెథేన్ ఉన్న సీసాలో పావు లీటరు హార్డెనర్ పోసి, బాగా కుదిపి, మూతి దగ్గర చిన్న గన్ బిగించి, 40 నుంచి 60 పీఎస్‌ఐ గాలితో కొట్టాలి. మామూలు పెయింటింగ్ షెడ్డులోని కంప్రెసర్ చాలు. రెండు పూతలేస్తే మందం అర మిల్లీమీటరుకు అటూఇటూ. ఇవి కాక తొట్టిలో దించే ప్లాస్టిక్ అచ్చు ఒకటుంది. దాని కింద నీరు నిలిచి రేకును తినేస్తుంది కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేస్తున్నాను.

మందం చూసినా, మన్నిక చూసినా షాపు పూతదే పైచేయి. కానీ ఆ కొలతలు రాళ్లూ దుంగలూ మోసే బళ్ల కోసం పుట్టినవి. అక్కడ సరుకు దెబ్బ నుంచి బండిని కాపాడాలి. మనకు కావాల్సింది బండి నుంచి సరుకును కాపాడటం. తెల్ల టవలు మీద గోరంత తుప్పు మరక పడినా అది సెకండ్స్‌లోకి పోతుంది. నేసినవాడి కష్టం, రంగువేసినవాడి కష్టం అన్నీ ఉన్నా ధర మాత్రం పడిపోతుంది.

ఈ కొలతతో చూస్తే పూత గరుకుదనం అసలు ప్రశ్న అవుతుంది. సరుకు జారకూడదని ఈ పూతలన్నీ ఎంతో కొంత గరుకుగానే ఉంటాయి. బేలును ఇద్దరు ఎత్తి పెట్టరు. వెనక డోరు దించి, అంచు మీద మోపి, లోపలికి ఈడుస్తారు. గరుకు నేల మీద ఆ ఈడ్పుకు ముందు పైసంచి పోగులు లేస్తాయి, తర్వాత మూలల దగ్గర చిరుగుతుంది, ఆ చిరుగులోంచి బయటపడ్డ చద్దరు అంచు నేలకు రాసుకుంటుంది. చేతి కిట్టులో ఈ గరుకు గింజను మనమే సరిచేసుకోవచ్చు. గాలి ఒత్తిడి పెంచి గన్‌ను కాస్త ఎడంగా పట్టుకుంటే గింజ సన్నబడుతుంది, ఒత్తిడి తగ్గిస్తే పెద్దదవుతుంది. ఎక్కడైనా పూత లేస్తే ఆ చోటే గీకి, ఇంకో సీసాతో అతుకు వేసుకోవచ్చు. షాపు పూతకు అతుకు వేయాలంటే మళ్లీ ఆ యంత్రం దగ్గరికే పోవాలి. నా దృష్టిలో నేతసరుకు మోసే బండికి సన్నటి చేతిపూతే మేలు.

అయితే ఆ మేలు దక్కేది రేకు తయారీని బట్టే. తొట్టి మూలల్లో మగ్గం నూనె, గ్రీజు, నూలు దుమ్ము కలిసి పేరుకుపోతాయి. ఉడకబెట్టి మైనం తీయని నూలుకు రంగు ఎలా పట్టదో, ఈ జిడ్డు పోని రేకుకు పూత అలాగే పట్టదు. సబ్బునీళ్లతో కడిగి, జిడ్డు తీసే ద్రవంతో తుడిచి, తుప్పును మెరిసేదాకా గీకి, రేకంతా మెరుపు పోయేలా గరుకు కాగితంతో రుద్దాలి. ఉత్త ఇనుము బయటపడ్డ చోట ప్రైమరు తప్పదు. నీళ్లు పోయే రంధ్రాలను టేపుతో మూయాలి, పూత బిగుసుకోకముందే ఆ టేపు లాగేయాలి. ఒక్క రంధ్రం పూడినా వాననీరంతా బేళ్ల కిందే నిలుస్తుంది.

ఎండ సంగతీ తక్కువది కాదు. సీసాలో కలిపిన మందు 20 డిగ్రీల దగ్గర గంట దాకా పనికొస్తుంది. ఇలాంటి రసాయనాలకు పది డిగ్రీలు పెరిగితే గడువు దాదాపు సగమవుతుంది. సోలాపూర్ మే నెలలో 42 డిగ్రీలు మామూలే. అప్పుడు గంట కాస్తా పావుగంటకు దిగుతుంది, ఒక్కోసారి అంత కూడా ఉండదు.

ఇంతవరకు చేతిపూతను మెచ్చుకున్నా, గన్ విషయంలో మాత్రం నా మాట కచ్చితం. పేట సందుల్లో గన్ వాడకూడదు. హార్డెనర్‌లో ఐసోసైనేట్లుంటాయి. ఆ తుంపర పీల్చినవాళ్లకు ఉబ్బసం పట్టుకునే ప్రమాదముంది, ఒకసారి పడకుండా పోయిందంటే తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఊపిరి బిగుస్తుంది. ముక్కుకు కట్టిన దస్తీ దాన్ని ఆపలేదు. ఏళ్ల తరబడి నూలు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల మీద ఇది కూడా వేయడం అన్యాయం. కార్ఖానా, ఇల్లు ఒకే గోడకు ఆనుకుని ఉన్న సందులో పిల్లలుంటారు, ఆరేసిన టవళ్లుంటాయి. గాలిలో తేలిన నల్లటి తుంపర వాటి మీదా వాలుతుంది. ఇలాంటి మందే రోలరుతోనూ వేయొచ్చు, తుంపర లేవదు. మాస్కు, చేతి తొడుగులు మాత్రం అప్పుడూ కావాలి. రబ్బరు రవ్వ కలిపిన రోలరు పూతలు కూడా దొరుకుతాయి గానీ, అవి మరీ గరుకు, బేళ్లకు పనికిరావు.

బీములు మోసే బండి సంగతి వేరు. పడుగు నిండిన బీము అంచు చక్రం దబ్బున పడితే అర మిల్లీమీటరు పూత మొదటి రోజే తెగుతుంది, మూడు మిల్లీమీటర్లదీ ఎన్నాళ్లో ఆగదు. ఆ బండిలో పూత మీద మందపాటి రబ్బరు పట్టా పరిచి, బీము కింద చెక్క దిమ్మలు పెట్టాలి. పట్టాను అప్పుడప్పుడూ ఎత్తి కింద ఆరనివ్వాలి.

పూత పూర్తిగా గట్టిపడటానికి వారం కావాలి. అంతవరకు వాసన పోదు, టెర్రీ టవలు ఆ వాసనను ఇట్టే పట్టేస్తుంది. రోజు కిరాయి మీద బతికే డ్రైవరు వారం బండి ఆపలేడు. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం రోజున ఎలాగూ పని ఉండదు కదా అనుకోవచ్చు. కానీ అవి వానల రోజులు, తడి రేకు మీద పూత పొంగుతుంది. దీపావళి సెలవులు నయం: వానలు తగ్గిపోతాయి, ఎండ ముదరదు, కిరాయిలూ పలచబడతాయి. బండి యజమాని ముందుగానే ఆ వారం కిరాయిలను ఇంకో బండికి అప్పజెప్పుకోవాలి.