నోరొకరిది, గొంతొకరిది

గుడివాడ చుట్టుపక్కల మూడు ఊళ్ళ పేర్లు మా చిలకలపూడి వాళ్ళు కూడా సొంత ఊళ్ళలా చెప్పుకుంటారు. నిమ్మకూరు ఎన్టీ రామారావుది, రామాపురం అక్కినేనిది, చౌటపల్లి ఘంటసాలది. 1962లో 'గుండమ్మ కథ'లో ముగ్గురూ కలిశారు, ఇద్దరు కనిపించి, ఒకరు వినిపించి. రామారావు వేసిన అంజికీ, అక్కినేని వేసిన రాజాకీ పాడిన గొంతు ఒక్కటే. అయినా తెరకేసి చూడకుండానే ఏ పాట ఎవరిదో చెప్పేసేవాళ్ళు మా నాన్నగారి తరం వాళ్ళు. కూచిపూడి ఆటలోనూ అంతే కదా. పాడేవాళ్ళు పక్కన కూర్చుని పాడుతుంటారు, ఆడే సత్యభామ పెదవులు కదుపుతుంది. ఒకరి నోటికి మరొకరి గొంతు తొడగడం ఈ నేలకు కొత్త విద్య కాదు.

అందుకే మొన్న మా మేనల్లుడు "తెలుగులో వద్దు మావయ్యా, కార్టూన్‌లా ఉంటుంది" అంటే నాకు పౌరుషం వచ్చింది. వాడు చూస్తున్నది కార్టూనే అని వాడికి గుర్తు చేయబోయి ఊరుకున్నాను.

వాడి ప్రాణం 'డీమన్ స్లేయర్'. తైషో కాలపు జపాన్‌లో, అంటే 1912, 1926 మధ్య, బొగ్గులు అమ్ముకునే తంజిరో అనే కుర్రాడి ఇంటిల్లిపాదినీ ఒక రాక్షసుడు పొట్టన పెట్టుకుంటాడు. మిగిలిన చెల్లెలు నెజుకో తానే రాక్షసి అయిపోతుంది. చెల్లెల్ని మళ్ళీ మనిషిని చేయడానికి అన్న కత్తి పడతాడు. 2019లో మొదలైన సిరీస్ ఇది. దీని కొనసాగింపు సినిమా 'ఇన్ఫినిటీ కాసిల్' 2025 సెప్టెంబరు 12న మన థియేటర్లకు జపనీస్, ఇంగ్లీషు, హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ వచ్చింది. వాడి లెక్కలో జపనీస్ గొంతు అసలుది. సబ్‌టైటిల్స్ చదివే ఓపిక లేనప్పుడు ఇంగ్లీషు డబ్బింగ్. తెలుగు ఆఖరి బెంచీ.

ఆ 'అసలు' దగ్గరే నాకు పేచీ. అమెరికా వాళ్ళ యానిమేషన్‌లో సాధారణంగా గొంతు ముందు రికార్డు చేసి, దానికి తగ్గట్టు నోరు గీస్తారు. జపాన్‌లో ఎక్కువగా బొమ్మ ముందు, గొంతు తర్వాత. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'అఫురెకో', ఆఫ్టర్ రికార్డింగే. అంటే తంజిరోకి జపనీస్‌లో మాట్లాడిన నత్సుకి హనాయే చేసిందీ, ఇంగ్లీషులో జాక్ అగిలార్ చేసిందీ ఒక రకంగా ఒకే పని. ఇద్దరూ ఎవరో గీసిన నోటికి ఊపిరి పోశారు. మొదటివాడికి వాక్యం సొంత భాషలో ఉంది, అంతే తేడా.

ఆ తేడా చిన్నది కాదు. నోటి సంగతి చాలావరకు సర్దుకుపోతుంది. జపాన్ బొమ్మల్లో మాట్లాడే నోటికి తరచూ మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది, ఈ మూడు గీతలే దిక్కు. ఇంగ్లీషు రచయిత ఆ తెరుచుకోవడాలు లెక్కపెట్టుకుని అన్నే అక్షరాలు పట్టేలా మాట కుదిస్తాడు, లేదా సాగదీస్తాడు. ఈ సిరీస్ అతనికి రెండు వరాలు కూడా ఇచ్చింది. తంజిరో తోటివాడు ఇనోసుకే నెత్తిన అడవిపంది తలకాయ ఉంటుంది, కనుక పెదవుల బెడద లేదు. నెజుకో నోట్లో వెదురుముక్క ఉంటుంది, కాబట్టి దాదాపు మాటే లేదు. మూలుగులు, నిట్టూర్పులు, గుటకలు. డబ్బింగ్ ఆర్టిస్టు సత్తా తెలిసేది అక్కడే అంటాను నేను. పాత్ర వెనక్కి తిరిగినా పండగే. మూలంలో లేని మాట చేర్చడమూ ఉంది. జపాన్ దర్శకుడు మియాజాకీ 'స్పిరిటెడ్ అవే'ని ఇంగ్లీషు చేసినప్పుడు, ఎదురుగా కనిపిస్తున్నది స్నానశాల అని చిన్నపిల్ల చేత ఒక మాట చెప్పించారు. జపాన్ ప్రేక్షకుడికి ఆ మాట అక్కర్లేదు, చూడగానే తెలుస్తుంది.

సర్దుకోనిది వాక్యం తోక. జపనీస్‌లో క్రియ చివర వస్తుంది. 'కాదు', 'లేదు', 'చెయ్యను' అన్న తిరకాసు కూడా చివరే. అందుకని బొమ్మ గీసినవాడు కన్ను ఎరుపెక్కడం, చెయ్యి కత్తి పిడి మీదికి పోవడం ఆ చివరి అక్షరానికి ముడిపెట్టగలడు. ఇంగ్లీషులో ఆ కాదనడం ముందే జరిగిపోతుంది. ఇక ముఖం మారే వేళకు చెప్పడానికి మిగిలేది ఏ 'టుడే'నో, ఏ పేరో. మంచి ఇంగ్లీషు రచయితలు వాక్యాన్ని తిరగేసి, ఆ బరువును మోయగల మాట ఇంకొకటి వెతికి చివర పెడతారు. నిజంగా కష్టమైన పని. 'ప్రిన్సెస్ మోనోనోకే' ఇంగ్లీషు మాటలకు నీల్ గైమన్ లాంటి రచయితను పిలిచారంటే ఊరికే కాదు.

మనకు ఆ అవస్థే లేదు. "నిన్ను ఈ కొండ దిగి పోనివ్వను" అంటే ఆ 'ను' దగ్గరే కదా కత్తి లేవాలి! వాళ్ళ మాట అచ్చుతో ముగుస్తుంది, చివరి 'న్' ఒక్కటి మినహా. మనదీ దాదాపు అంతే, కనుక తెరిచి ఆగిపోయిన నోటికి తెలుగు మాట ఒదుగుతుంది. నెజుకో అన్నను పేరు పెట్టి పిలవక్కర్లేదు, 'అన్నయ్యా' అంటే చాలు. తెలుగులో మొదటి డబ్బింగ్ సినిమా 'ఆహుతి'కి 1950లో శ్రీశ్రీ మాటలు రాశారు. హిందీ 'నీరా ఔర్ నందా'కి తెలుగు అది. హిందీలోనూ క్రియ చివరే. ఆ దారి మనకు డెబ్భై అయిదేళ్ళ కిందటే పడింది.

మరి మేనల్లుడికి కార్టూన్‌లా ఎందుకు వినిపిస్తోంది? వాడి పక్కన కూర్చుని తెలుగు డబ్బింగ్‌లు కొన్ని విన్నాను. గొంతులు బాగున్నాయి. సాయికుమార్, రవిశంకర్ లాంటివాళ్ళు పుట్టిన పరిశ్రమలో గొంతులకు కరువేమిటి? వాక్యాలే ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వచ్చినట్టున్నాయి. "నేను నిన్ను క్షమించను, ఎందుకంటే నువ్వు..." అని మొదలవుతుంది. కోపం ముందే ఒలికిపోయాక, ముఖం ఎర్రబడే వేళకు కారణం చదువుతుంటాడు హీరో. వాడికి నచ్చనిది తెలుగు కాదు, ఆ 'ఎందుకంటే' అని నా అనుమానం.

మా ఊరు గిల్టు నగల ఊరు. రాగి మీద బంగారపు పొర అతికిన హారాన్ని బంగారం కాదేమని ఇక్కడ ఎవరూ అడగరు, అతుకు ఎక్కడుందో చూస్తారు. డబ్బింగ్‌నూ అలాగే చూస్తాను. అసలుదా నకిలీదా అన్న గొడవ నాకు పట్టదు. యూగో సాకో, రామ్ మోహన్, కోయిచి ససాకి కలిసి తీసిన రామాయణం యానిమేషన్‌నే తీసుకోండి. జపాన్ బొమ్మల్లో రాముడు మొదట మాట్లాడింది ఇంగ్లీషు! 2025 జనవరి 24న అది తెలుగులోనూ విడుదలైంది. అయోధ్య రాముడు టోక్యో మీదుగా, ఇంగ్లీషు మీదుగా తెలుగుకి చేరాడు. రాముడి కథ మనకు కంఠతా వచ్చు కనుక అతుకు ఎక్కడున్నా చెవి సర్దుకుంటుంది. తంజిరోకి ఆ సదుపాయం లేదు.

జపనీస్ నుంచి నేరుగా తెలుగు రాసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారని నిర్మాతలు అడగవచ్చు. హైదరాబాద్‌లోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపనీస్ నేర్పుతున్నారు. అక్కడ చదివిన ఒక అమ్మాయినో అబ్బాయినో, చెవి ఉన్న ఒక మాటల రచయిత పక్కన కూర్చోబెట్టి, ఇంగ్లీషు కాగితం బల్ల మీద లేకుండా ఒక్క ఎపిసోడ్ రాయించండి. మా వాడికి చూపించే పూచీ నాది.